గోడ మీద నలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

'లేజర్ టీవీ' ప్రకటనలపై ఒక పరిశీలన

కోల్‌కతాలో రేడియో విడిభాగం మొదలుకొని కంప్యూటరు దాకా ఏ ఎలక్ట్రానిక్ సామాను కావాలన్నా జనం చాందినీ చౌక్ దారి పడతారు. కిందటి చలికాలంలో మా బావమరిది నన్ను అక్కడి ఒక దుకాణానికి తీసుకువెళ్లాడు. లోపల ఒక చిన్న గది. గోడలకూ పైకప్పుకూ నల్లటి గుడ్డ. గోడకు దాదాపు ఆనించిన బల్ల మీద హార్మోనియం పెట్టె అంత యంత్రం. దాని పైన, గోడకు తగిలించిన తెర మీద, వంద అంగుళాల బొమ్మ. రాత్రి ఆకాశం, నల్లని సముద్రం, దూరంగా ఒక పడవ దీపం. చూడడానికి నిజంగా బాగుంది.

"బావా, గోడకు మూరెడు దూరంలో పెడితే చాలట. మనం గదిలో తిరిగినా నీడ పడదట. రెండు లక్షల ముప్ఫై వేలు" అన్నాడు మా బావమరిది.

వాళ్ల హాలు పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. ఆయన చెప్పిన సొమ్ములో సగం మా మేనకోడలి కాలేజీ చదువుకని దాచింది. ఆ అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది, భౌతికశాస్త్రమంటే ఇష్టం. దుకాణంవారు ఇచ్చిన కరపత్రం ఆమే నాకు చదివి వినిపించింది. కాంతి 2,500 ల్యూమెన్లు. కాంట్రాస్టు పది లక్షలకు ఒకటి. అసలైన 4కె. లేజర్ ఆయుష్షు 25,000 గంటలు. కళ్లకు పూర్తిగా సురక్షితం. అన్నిటి కింద పెద్ద అక్షరాలతో: 'మీ ఇంట్లోని ఏ గోడనైనా సినిమా హాలు చేస్తుంది.'

ఈ అంకెల్లో చాలావరకు అబద్ధాలు కావు. కానీ అవన్నీ యంత్రాన్ని గురించిన అంకెలు. బొమ్మను తయారు చేసేది యంత్రం ఒక్కటే కాదు. గోడ, గది, గదిలోని వెలుతురు కూడా అందులో భాగస్థులే. కరపత్రం ఈ భాగస్థులను గురించి ఒక్క మాట చెప్పదు. ఈ వ్యాసంలో ఆ లోటు పూరించడానికి ప్రయత్నిద్దాం. ఇందుకు కావలసింది పదో తరగతి గణితం, కొంచెం ఓపిక.

పేరులోనే తిరకాసు

అనువాదకుణ్ణి కనుక ముందు మాటల సంగతి చూస్తాను. 'లేజర్ టీవీ' అన్న పేరు ఎంతవరకు సరైనది? టీవీ తెర తన కాంతిని తానే వెలువరిస్తుంది. ఈ యంత్రం అలా కాదు. ఎక్కడో పుట్టిన కాంతిని గోడ మీదకు పంపుతుంది, గోడ దాన్ని మన కంటికి తిప్పి పంపుతుంది. ఇది 17వ శతాబ్దంలో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ కాలంలో పుట్టిన మ్యాజిక్ లాంతరు వంశానికి చెందినది, టీవీ వంశానికి కాదు.

ఇక 'లేజర్' మాట. ఈ యంత్రాలలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఉండేది నీలి లేజర్ మాత్రమే. ఆ నీలికాంతి గిర్రున తిరిగే ఒక చక్రం మీద పూసిన ఫాస్ఫర్ పదార్థాన్ని తాకుతుంది. ఫాస్ఫర్ పసుపు కాంతిని వెలువరిస్తుంది. ఆ పసుపులోంచి ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరు చేస్తారు. అంటే గోడ మీద పడే మూడు ప్రాథమిక రంగులలో నీలం ఒక్కటే లేజర్ కాంతి. రెండో రకంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ మూడు లేజర్లుంటాయి. రంగులు మరింత స్వచ్ఛంగా ఉంటాయి, కానీ దానికొక మూల్యం ఉంది. అది తర్వాత చూద్దాం. రెండు రకాలకూ బజారులో పేరు ఒక్కటే. మా కరపత్రంలోని యంత్రం ఏ రకమో చిన్న అక్షరాలలో కూడా లేదు.

మూరెడు దూరం నుంచి వంద అంగుళాలు

ప్రొజెక్టరుకూ తెరకూ మధ్య ఉండే దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే సంఖ్యను 'త్రో నిష్పత్తి' అంటారు. వంద అంగుళాల బొమ్మ అంటే మూల నుంచి మూలకు వంద అంగుళాలు. 16:9 ఆకారంలో దాని వెడల్పు 221 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 125 సెంటీమీటర్లు. మామూలు ప్రొజెక్టరుకు ఈ నిష్పత్తి 1.5 అనుకుంటే, దాన్ని గోడకు 3.3 మీటర్ల దూరంలో పెట్టాలి. పది అడుగుల గది మొత్తం 3.05 మీటర్లే కదా! ఈ కొత్త యంత్రాల నిష్పత్తి 0.25 ప్రాంతంలో ఉంటుంది. అప్పుడు దూరం 55 సెంటీమీటర్లు. మనవంటి ఇరుకు ఇళ్లలో ఇది చిన్న సౌకర్యం కాదు. పైకప్పుకు మేకులు కొట్టనక్కరలేదు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇది పెద్ద ఊరట.

ఇది ఎలా సాధ్యమైంది? లోపల గోరంత చిప్ మీద లక్షల సూక్ష్మ దర్పణాలుంటాయి. ఒక్కో దర్పణం అటో ఇటో వాలుతూ కాంతిని బయటకు పంపుతుంది, లేదా పక్కకు మళ్లిస్తుంది. అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన చిప్ ఇది. దాని మీది బొమ్మను కటకాల వరస కొంత పెద్దది చేస్తుంది. చివర వంపు తిరిగిన ఒక దర్పణం దాన్ని ఒక్కసారిగా గోడ పొడవునా పరుస్తుంది. ఈ దర్పణం వంపు గోళాకారంలో ఉండదు. బొమ్మ వంకర పోకుండా ఉండేందుకు దాని ప్రతి భాగాన్నీ వేరువేరుగా లెక్కకట్టి తీర్చిదిద్దుతారు. ఇటువంటి ప్రొజెక్టర్లు మొదట ఎక్కువగా తరగతి గదుల్లో కనిపించేవి. బోర్డు ముందు నిలబడిన ఉపాధ్యాయుడి నీడ పాఠం మీద పడకూడదు, కాంతి ఆయన కళ్లలో పడకూడదు కదా! 2013లో ఎల్‌జీ, 2014లో సోనీ లేజర్‌తో పనిచేసే ఇటువంటి యంత్రాలను ఇళ్ల కోసం ప్రదర్శించాయి.

'అసలైన 4కె' సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇళ్లలో వాడే చాలా యంత్రాల చిప్‌పై 1920 × 1080, అంటే సుమారు 20 లక్షల 74 వేల దర్పణాలే ఉంటాయి. 4కె బొమ్మకు 83 లక్షల చుక్కలు కావాలి. అందుకని బొమ్మను కంటికి అందనంత వేగంగా నాలుగు స్థానాలకు జరుపుతూ, ఒక్కో దర్పణంతో నాలుగేసి చుక్కలు వేయిస్తారు. 'అసలైన' అన్న విశేషణం దీనికి అతకదు. అయితే ఇందులో చూసేవారికి పెద్ద నష్టం లేదు. మూడు మీటర్ల దూరం నుంచి మామూలు కన్ను విడదీసి చూడగలిగే చుక్క సుమారు 0.9 మిల్లీమీటరు. వంద అంగుళాల 4కె బొమ్మలో చుక్క వెడల్పు 0.58 మిల్లీమీటరు మాత్రమే. కన్నే పట్టుకోలేని తేడా గురించి ఎక్కువ కోప్పడనక్కరలేదు.

తెలుపు సులువు, నలుపు కష్టం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2,500 ల్యూమెన్ల కాంతి 2.76 చదరపు మీటర్ల మీద పరచుకుంటే చదరపు మీటరుకు సుమారు 900 ల్యూమెన్లు, అంటే 900 లక్స్. పూర్తిగా తెల్లగా ఉండి కాంతిని అన్ని వైపులకూ సమంగా వెదజల్లే గోడ అయితే, ఈ సంఖ్యను 'పై' విలువ 3.14తో భాగించాలి. చదరపు మీటరుకు సుమారు 290 క్యాండెలాల దీప్తి వస్తుంది. సినిమా హాలు తెరకు అంతర్జాతీయంగా అంగీకరించిన దీప్తి 48 క్యాండెలాలు. అంటే తెలుపు విషయంలో ఈ యంత్రం సినిమా హాలును మించిపోయింది. కరపత్రం అబద్ధం చెప్పలేదు.

కానీ నలుపు మాటేమిటి? ప్రొజెక్టరు గోడ మీద తెలుపు వేయగలదు, ఎరుపు వేయగలదు. నలుపు వేయలేదు. చీకటిని విసిరే దీపం లేదు. బొమ్మలో నల్లగా ఉండవలసిన చోట యంత్రం చేయగలిగింది కాంతిని ఆపడమొక్కటే. ఆ చోట మీకు కనిపించేది మీ గోడ, మీ గదిలోని వెలుతురులో ఎలా ఉంటుందో అలాగే. యంత్రం ఆపివేసినప్పుడు గోడ ఎంత తెల్లగా కనిపిస్తుందో, సినిమాలోని అమావాస్య రాత్రి కూడా అంతకన్నా నల్లగా ఉండదు.

దీన్ని లెక్క వేయవచ్చు. ట్యూబులైటు వెలుగుతున్నప్పుడు గోడ మీద 80 లక్స్ పడుతున్నాయనుకుందాం. అప్పుడు నలుపు విలువ 80, తెలుపు విలువ 900కు 80 కలిపి 980. నిష్పత్తి సుమారు 12కు ఒకటి. పగటిపూట కర్టెన్ సందుల్లోంచి వెలుతురు వచ్చి 200 లక్స్ అయితే నిష్పత్తి ఐదున్నరకు ఒకటి. కరపత్రంలోని పది లక్షలు ఎక్కడ, ఈ ఐదున్నర ఎక్కడ!

మరి పది లక్షల అంకె ఎలా వచ్చింది? ఒకసారి తెర మొత్తం తెల్లగా చేసి కొలుస్తారు. తర్వాత తెర మొత్తం నల్లగా చేస్తారు. అప్పుడు యంత్రం తన లేజర్‌నే తగ్గించేస్తుంది లేదా ఆర్పేస్తుంది. ఆ రెండు కొలతల నిష్పత్తి అది. దీపం ఆర్పి 'చూశారా, ఎంత చీకటో' అనడం వంటిది. సినిమాలో నలుపు, తెలుపు ఒకే క్షణంలో పక్కపక్కనే ఉంటాయి. చీకటి సముద్రంలో పడవ దీపం కనిపించాలంటే లేజర్ వెలగక తప్పదు.

గదిలో దీపాలన్నీ ఆర్పేస్తే సరిపోతుందా? కొంతవరకే. బొమ్మలోని తెల్ల భాగాల కాంతి మీ తెల్లని పైకప్పుకు, పక్క గోడలకు తగిలి తిరిగి బొమ్మ మీదికే వస్తుంది. సగం తెలుపు, సగం నలుపు ఉన్న బొమ్మలో సగటు 450 లక్స్. అందులో నూటికి రెండు వంతులు తిరిగి వచ్చినా 9 లక్స్. అంటే నిష్పత్తి నూటికి ఒకటి. దుకాణంలో గోడలకూ పైకప్పుకూ నల్లగుడ్డ ఎందుకు కట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. మనం మెచ్చుకున్న ఆ నల్లని సముద్రంలో సగం ఘనత యంత్రానిదైతే సగం ఘనత ఆ గుడ్డది. కరపత్రంలో గుడ్డ ధర వేయలేదు.

నలుపు విలువ తెలుసుకోవాలంటే చౌరంగీ రోడ్డులోని బిర్లా నక్షత్రశాలకు వెళ్లాలి. 1962లో ప్రదర్శనలు మొదలైన ఈ శాలను 1963 జులై 2న నెహ్రూ లాంఛనంగా ప్రారంభించారు. మరమ్మతుల కోసం కొంతకాలం మూతపడి, కొత్త యంత్రాలతో 2017లో మళ్లీ తెరుచుకుంది. అక్కడ దీపాలను ఒక్కసారిగా ఆర్పరు. మెల్లమెల్లగా తగ్గిస్తారు. మన కళ్లు చీకటికి అలవాటు పడడానికి నిమిషాలు పడుతుంది. నక్షత్రాలను వేసే యంత్రం ఒక్కో నక్షత్రానికి ఒక సన్నని కిరణాన్ని మాత్రమే పంపుతుంది, మిగతా గుమ్మటానికి ఏమీ పంపదు. అందుకే ఆ ఆకాశం అంత నల్లగా ఉంటుంది. ఆ నలుపు కోసం కట్టడాన్నంతా కిటికీలు లేకుండా కట్టారు.

గోడ మీద రెండు మిల్లీమీటర్లు

'ఏ గోడనైనా' అన్న మాట చూద్దాం. మామూలు ప్రొజెక్టరు నుంచి కిరణాలు గోడకు దాదాపు ఎదురుగా వచ్చి తగులుతాయి. ఈ యంత్రం నుంచి వచ్చే కిరణాలు గోడను రాసుకుంటూ పైకి పోతాయి. సాయంకాలపు ఏటవాలు ఎండలో నేల మీది చిన్న గులకరాయికి కూడా పొడవాటి నీడ పడడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అదే సూత్రం.

యంత్రం గోడకు 55 సెంటీమీటర్ల దూరంలో ఉంది, బొమ్మ పై అంచు యంత్రం కన్నా 160 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది. 160ని 55తో భాగిస్తే 2.9. అంటే పై అంచు దగ్గర గోడ ఒక్క మిల్లీమీటరు ముందుకు ఉబికితే బొమ్మ 2.9 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. రెండు మిల్లీమీటర్ల ఉబ్బుకు 5.8 మిల్లీమీటర్లు. చుక్క వెడల్పు 0.58 అనుకున్నాం కదా, అంటే పది చుక్కల దూరం. అదే ఉబ్బు 3.3 మీటర్ల దూరంలో, పై అంచుకు సమానంగా వేలాడదీసిన మామూలు ప్రొజెక్టరుకు ఎంత తేడా తెస్తుంది? కింది అంచు దగ్గర కూడా ముప్పావు మిల్లీమీటరు మాత్రమే.

కోల్‌కతాలో చాలా పాత ఇళ్ల గోడలకు చెమ్మ ఎక్కుతుంది. ఇక్కడివారు 'నోనా పట్టింది' అంటారు. గోడలోని ఉప్పు బయటికి వచ్చి సున్నం పొక్కుతుంది. వానాకాలం పోయాక గోడను చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. మన కోస్తా ఊళ్లలోనూ ఇదే సమస్య. ఇటువంటి గోడ మీద సరళరేఖ అల గీతలా కనబడుతుంది. సినిమా కింద వచ్చే అక్షరాలు వంకర్లు పోతాయి.

ఇందుకు పరిష్కారం లేకపోలేదు. ఈ యంత్రాల కోసమే తయారుచేసిన గట్టి తెరలున్నాయి. వాటి మీద అడ్డంగా రంపపు పళ్ల వంటి సూక్ష్మమైన గాడులుంటాయి. కింది నుంచి వచ్చే ప్రొజెక్టరు కాంతిని ఆ పళ్ల కింది వైపు మన కంటికి తిప్పుతుంది. పైనుంచి వచ్చే దీపాల కాంతిని నల్లని పై వైపు పీల్చేస్తుంది. చదునైన తెర, నల్లని నలుపు రెండూ ఒక్కసారే దొరుకుతాయి. చాలా తెలివైన ఉపాయం. దుకాణంలో మేము చూసింది అటువంటి తెర మీదే. అడిగితే, దాని ధర వేరని చెప్పారు. పక్క కిటికీలోంచి వచ్చే వెలుతురును మాత్రం ఈ గాడులు అంత బాగా ఆపలేవని కూడా గుర్తుంచుకోవాలి.

రామన్ చూసిన మచ్చలు

మూడు లేజర్ల రకానికి ఒక మూల్యం ఉందన్నాను. లేజర్ కాంతి తరంగాలన్నీ ఒకే తరంగదైర్ఘ్యంతో, అడుగులో అడుగు వేసినట్టు నడుస్తాయి. గోడ కంటికి ఎంత నునుపుగా కనిపించినా కాంతి తరంగంతో పోలిస్తే గరుకైనదే. దాని మీది కోటానుకోట్ల బిందువుల నుంచి చెదిరి వచ్చిన తరంగాలు మన రెటీనా మీద కలుసుకుంటాయి. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి హరిస్తాయి. ఫలితంగా బొమ్మ మీద మిలమిలలాడే ఇసుక చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. వీటిని 'స్పెకిల్' అంటారు.

1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాక రెండేళ్లలోనే, 1962లో, ఈ మచ్చల గురించి పరిశోధన పత్రాలు వచ్చాయి. కానీ ఈ కథలో అంతకన్నా పాత అధ్యాయం ఒకటి కలకత్తాలో ఉంది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్, అప్పటికి బౌబజారు వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో పరిశోధన చేస్తున్నారు. చీకట్లో చిన్న, ప్రకాశవంతమైన దీపాన్ని చూస్తే దాని చుట్టూ వెలుగు వలయం కనిపిస్తుంది కదా! ఆ వలయం నునుపుగా ఉండక చారలు, మచ్చలుగా ఎందుకుంటుంది? కంటిలోని పారదర్శక పదార్థాలలో కాంతి పరిక్షేపణం గురించి 1919లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో రాసిన పత్రంలో రామన్ ఈ సమస్యను చర్చించారు. ఆయన శిష్యుడు జి.ఎన్. రామచంద్రన్ 1943లో ఇటువంటి కాంతి వలయాల్లోని హెచ్చుతగ్గుల మీద మరో పత్రం ప్రచురించారు. లేజర్ మచ్చల చరిత్ర రాసేవారు ఈ రెండింటినీ తలుచుకుంటారు.

మచ్చలను తగ్గించడానికి తయారీదారులు కాంతి దారిలో కంపించే పలకలు పెడతారు, కొద్దికొద్దిగా తేడా ఉన్న అనేక లేజర్లను కలుపుతారు. తగ్గుతాయి, పూర్తిగా పోవు. పైన చెప్పిన గాడుల తెర మీద మరింత స్పష్టంగా కనిపించవచ్చు కూడా. దుకాణంలో పరీక్షించడం సులువు. నిశ్చలంగా ఉన్న ఎర్రని లేదా ఆకుపచ్చని బొమ్మ వేయించండి. తెరకు దగ్గరగా నిలబడి తలను మెల్లగా పక్కలకు ఆడించండి. మచ్చలుంటే అవీ కదులుతాయి. హ్రస్వదృష్టి ఉన్నవారు కళ్లజోడు తీసి చూస్తే అవి తల కదిలే దిశకు ఎదురుగా కదులుతాయి. దీర్ఘదృష్టి ఉన్నవారికి అదే దిశలో కదులుతాయి. చూడండి, యంత్రాన్ని పరీక్షించబోతే అది మన కళ్లనే పరీక్షించింది!

కళ్ల మాట

'కళ్లకు పూర్తిగా సురక్షితం' అన్న వాక్యం నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది. గోడ మీంచి తిరిగి వచ్చే కాంతి గురించైతే ఆ మాట ఒప్పుకోవచ్చు. గోడకు తగిలి చెదిరిన కాంతి లేజర్ పుంజంలా కేంద్రీకృతమై ఉండదు. కానీ యంత్రం ముఖద్వారం మాట వేరు. మామూలు ప్రొజెక్టరును పైకప్పుకు వేలాడదీస్తారు. దానిలోకి పిల్లలు తొంగిచూడలేరు. ఈ యంత్రం బల్ల మీద, మూడేళ్ల పిల్లవాడి ముఖానికి సరిగ్గా అందే ఎత్తులో, కాంతిని పైకి చిమ్ముతూ ఉంటుంది. ప్రొజెక్టర్ల కాంతిని అపాయ వర్గాలుగా విభజించే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. ఎవరైనా దగ్గరికి వస్తే కాంతిని తగ్గించే సెన్సర్లను చాలా యంత్రాల్లో పెడతారు. ఆ సెన్సరు ఉన్నదీ లేనిదీ, అన్ని వైపుల నుంచి పనిచేస్తున్నదీ లేనిదీ కొనేవారే చెయ్యి అడ్డుపెట్టి చూసుకోవాలి, ముఖం పెట్టి కాదు. మా కరపత్రంలోని బొమ్మలో ఒక పసివాడు యంత్రం పక్కనే కూర్చుని బొమ్మకారుతో ఆడుకుంటున్నాడు. ఆ బొమ్మ వేసినవారు తమ యంత్రంతోపాటు వచ్చే హెచ్చరిక చదివి ఉండరు.

మంచి మాట కూడా చెప్పాలి

విమర్శ అంటే తప్పులు ఏరడమే కాదు. పాత ప్రొజెక్టర్లలో వాడే పాదరసపు దీపాలు రెండు నుంచి ఐదు వేల గంటలకే మార్చవలసి వచ్చేవి. పారేసిన దీపంలోని పాదరసం మరో తలనొప్పి. లేజర్లకు ఆ బెడద లేదు. 25,000 గంటలంటే రోజుకు నాలుగు గంటల చొప్పున పదిహేడేళ్లు. అయితే ఈ ఆయుష్షు అన్నది సాధారణంగా కాంతి సగానికి తగ్గేదాకా పట్టే కాలం. ఈలోగా ఫ్యానులో చేరే దుమ్ము, లోపలి చక్రం, ఎలక్ట్రానిక్ భాగాలు ఏమవుతాయో ఆ అంకె చెప్పదు. అయినా దీపంతో పోలిస్తే ఇది స్పష్టమైన ముందడుగే. నీడ పడకపోవడం, ఇరుకు గదిలో పెద్ద బొమ్మ రావడం కూడా నిజమే. నా ఫిర్యాదు యంత్రం మీద కాదు, యంత్రం గురించి చెప్పిన తీరు మీద.

ఒక సాయంత్రపు కొలతలు

దుకాణదారు మంచివాడే. అడిగితే ఒక సాయంత్రం యంత్రాన్ని మా బావమరిది ఇంటికి పంపించాడు. తెర పంపలేదు. యంత్రం వెలిగించకముందే మా మేనకోడలు తన ఫోనులోని లక్స్ కొలిచే ప్రోగ్రాముతో గోడ మీద తొమ్మిది చోట్ల కొలిచి, కరపత్రం వెనుక పట్టిక వేసింది. ప్రొజెక్టరు కాంతిని కొలిచే ప్రామాణిక పద్ధతి కూడా ఇటువంటిదే. బొమ్మను తొమ్మిది సమభాగాలు చేసి, ఒక్కో భాగం మధ్యలో లక్స్ కొలిచి, సగటును వైశాల్యంతో గుణిస్తే ల్యూమెన్లు వస్తాయి. "మరి యంత్రం కాంతిని కూడా కొలుద్దామా మావయ్యా?" అంది. ఏటవాలుగా వచ్చే కాంతిని ఫోను సరిగా పట్టుకోలేదని, ఆ అంకెను నమ్మి దుకాణదారుతో తగవు పెట్టుకోకూడదని చెప్పాను. పరికరానికి ఎంత చేతనవునో అంతే అడగాలి.

ట్యూబులైటు వేసి ఉన్నప్పుడు సగటు 84 లక్స్. దీపాలార్పితే, ఎదురింటి వరండా దీపం వల్ల 3 లక్స్. ముందు ట్యూబులైటు కిందే ఆ రాత్రి సముద్రం బొమ్మ వేశాం. సముద్రం బూడిదరంగు గోడగా మారిపోయింది. పడవ దీపం మాత్రం వెలిగింది. దీపాలార్పాక బొమ్మ చాలా బాగుపడింది. కానీ కిటికీ పక్కన, చెమ్మ ఎక్కిన చోట, క్షితిజరేఖ కెరటంలా వంగింది. "సముద్రం కదా, అల వచ్చిందనుకుందాం" అని మా బావమరిది నవ్వాడు.

కొనవద్దని నేను అనలేదు. సినిమాలు రాత్రిపూట, దీపాలార్పి చూసేవారికి, గోడను చదును చేయించుకునేవారికి, తెర ఖర్చు కలిపి లెక్క వేసుకున్నవారికి ఇది మంచి యంత్రమే. పగలు వార్తలు, సాయంత్రం దీపాల వెలుతురులో క్రికెట్ చూసే ఇంటికి, తన కాంతి తానే ఇచ్చే టీవీ ఇంతకన్నా చిన్నదైనా మేలు. మా బావమరిది ఇల్లు ఈ రెండో రకం. దుకాణంలో మూడు ప్రశ్నలు అడగమని మాత్రం చెప్పాను. ల్యూమెన్లు ఏ ప్రమాణం ప్రకారం కొలిచారు? లేజర్ ఒకటా, మూడా? తెరతో కలిపి ధర ఎంత? వీటికి కాగితం మీద జవాబు రాసి ఇవ్వమన్నాం. రాసిస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు.

1876లో మహేంద్రలాల్ సర్కార్ ఆ అసోసియేషన్‌ను స్థాపించినప్పుడు ఆయనకు అండగా నిలిచినవారిలో సెయింట్ జేవియర్స్ కళాశాలకు చెందిన ఫాదర్ యూజీన్ లాఫోన్ ఒకరు. మ్యాజిక్ లాంతరు బొమ్మలతో ఆయన ఈ నగర ప్రజలకు సైన్సు ఉపన్యాసాలు ఇచ్చేవారు. గోడ మీద బొమ్మ చూపించడమే కాకుండా అది ఎలా వచ్చిందో కూడా చెప్పడం ఆ ఉపన్యాసాల ఉద్దేశం. ఇప్పటి లాంతర్లు అమ్మేవారు రెండో సగం వదిలేశారు. దాన్ని మన విద్యార్థులే పూరించుకోవాలి.

బావమరిది ఆ నెల గోడకు పూత వేయించాడు. కాలేజీ సొమ్ము కదలలేదు. లక్స్ పట్టిక ఉన్న కరపత్రం ఇప్పుడు మా మేనకోడలి ప్రాక్టికల్ రికార్డులో ఉంది.